తెర మీది బొమ్మకు వీపు ఉండదు

(ఆర్కిటెక్చర్ విద్యార్థులు, శిల్పులు కలిసి పాల్గొన్న ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా? సరే. ముందు వరసల్లో గుడులు కట్టే స్థపతులు, శిల్పులు కూర్చున్నారు. వెనక ఆర్కిటెక్చర్ పిల్లలున్నారు. మామూలుగా ఈ రెండు జట్లూ ఒక గదిలో కూర్చోవు. ఎక్కడైనా గుడి కడుతుంటే మాత్రం ఒకరి డ్రాయింగు ఇంకొకరికి అర్థంకాక కలుస్తారు. (నవ్వులు) ఈమధ్య ఇద్దరికీ ఒకే తలనొప్పి పట్టుకుంది కాబట్టి ఇవాళ ఒకేచోట కూర్చోబెట్టారు.

ఇదివరకు ఇల్లు కట్టించుకునేవాళ్ళు మా ఆర్కిటెక్టుల్ని వీధి చివరికి తీసుకెళ్ళి, ఏదో ఇల్లు చూపించి, "ఇలాంటి ఎలివేషన్ కావాలండీ" అనేవారు. ఆ ఇల్లు కనీసం నిలబడి ఉండేది. ఇప్పుడు ఫోన్ తీసి ఏఐ బొమ్మ చూపిస్తున్నారు. స్థలం చూస్తే రెండొందల గజాలు, తూర్పు ఫేసింగ్. బొమ్మలో చుట్టూ పచ్చిక, వెనక కొండ, మూడు పక్కలా గాజు, కింద ఒక్క స్తంభం లేకుండా ఇరవై అడుగులు ముందుకు తోసుకొచ్చిన స్లాబు. పక్కింటి గోడ మూడడుగుల్లో ఉందన్న సంగతి ఆ బొమ్మకు తెలీదు. చవితి ముందు వినాయకుళ్ళను చేసేవాళ్ళ అవస్థా ఇదే. ధూల్‌పేటలో అయినా మీ ఊళ్ళో అయినా వాట్సాప్‌లో బొమ్మ పంపి, "ఇట్లనే కావాలన్నా" అంటారు. అందులో స్వామి ఒంటికాలి బొటనవేలి మీద నిలబడి ఉంటాడు. కింద తామరపువ్వు, ఆ పువ్వు గాల్లో. లోపలి ఇనప ఊచ ఎటునుంచి పోనివ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు. పైగా ఏకదంతుడికి రెండు దంతాలూ చక్కగా ఉంటాయి.

అంతమాత్రాన నేను ఏఐని తిట్టడానికి రాలేదు. నేను రోజూ వాడతాను, పిల్లలచేత వాడిస్తాను. నా మాట ఒక్కటే. పని మొదట్లో, ఇంకా ఏదీ తేల్చుకోకముందు, ఈ బొమ్మల్ని విరివిగా తీయించుకోండి. వాటిలో ఏదైనా మనసుకు పట్టిందా, అదే పూట దానికి సెక్షన్, అంటే నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే డ్రాయింగు, గీయండి, లేదా గుప్పెడు మట్టి తీసుకుని చేసి చూడండి. వారం ఆగితే బొమ్మ మీద మోజు ముదురుతుంది. ఆ తర్వాత మీరు గీసే ప్లాన్ ఆ బొమ్మకు ఊడిగం చేస్తుంది.

యంత్రం లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పుకుందాం, ఎక్కువ వద్దు. మాటల్లో చెప్తే బొమ్మ తీసిచ్చే మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి మామూలు జనం చేతికి వచ్చింది 2022లో. వీటికి బొమ్మలు, పక్కన వాటి వివరణలు చూపించి నేర్పుతారు. స్టేబుల్ డిఫ్యూజన్‌కు లాయాన్-5బి అనే సంకలనంలోంచి ఏరినవి వాడారు. ఆ సంకలనంలో మొత్తం 585 కోట్ల బొమ్మ-వివరణ జతలుండేవి. ఒక్కో బొమ్మ మీదా కొంచెం కొంచెంగా చుక్కలు చల్లి, యాంటెన్నా తిరిగిపోయిన పాత టీవీ తెరలా చెడగొడతారు. ఆ చుక్కల్ని తీసేయడం యంత్రం నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఉత్త చుక్కలే చేతికిచ్చి, "ఇందులో గుడి ఉంది, తీయి" అంటారు. అది మెట్టు మెట్టుగా చుక్కలు తుడుస్తూ గుడిని బయటికి తెస్తుంది.

ఇందులో ఎక్కడా అడుగూ అంగుళమూ లేవు. బరువు లేదు. ముందు స్తంభం వెనకాల ఇంకో స్తంభం ఉండాలన్న లెక్క లేదు. అలాంటి ఫొటోల్లో అక్కడ నీడ ఉంటుంది, కాబట్టి నీడ వేస్తుంది. ఏ బొమ్మలోనైనా మెట్ల వరస తీసుకుని ఎడమ అంచున ఒకసారి, కుడి అంచున ఒకసారి లెక్కపెట్టి చూడండి. చాలాసార్లు రెండు లెక్కలొస్తాయి.

మా తరగతిలో మొదట ఇచ్చే పని మండువా లోగిలి. పేరొక్కటే రాసి అడిగితే వచ్చేది ఏమిటంటే, కేరళ నాలుకెట్టో, చెట్టినాడు ఇల్లో. నున్నటి స్తంభాలు, నడుమ నీళ్ళ కుంట, పక్కన ఇత్తడి పాత్రలో తేలుతున్న పూలు. రిసార్టు అన్నమాట. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ ఇళ్ళను హోటళ్ళు చేశారు, పత్రికలు ఫొటోలు వేశాయి, ఇంగ్లీషు వివరణలతో నెట్‌నిండా ఉన్నాయి. గోదావరి జిల్లాల లోగిళ్ళకు ఆ భాగ్యం పట్టలేదు. చాలామటుకు సినిమా షూటింగులకు అద్దెకిచ్చారు, లేదా కొట్టేసి అపార్టుమెంట్లు లేపారు.

అందుకని పేరు వదిలేసి భాగాలు చెప్పమంటాను. నాలుగు పక్కలా పెంకుల వాలు కప్పు. లోపలి వాలులన్నీ నడిమి ఖాళీలోకి దిగాలి. ఖాళీ చుట్టూ టేకు స్తంభాలు. వాన పడేచోటు నేల ఒక మెట్టు పల్లంగా, రాతి పలకలతో. ఒక మూల నీళ్ళు బయటికి పోయే తూము. వీధివైపు అరుగు. ఇలా చెప్తే మన ఇంటికి దగ్గరగా వస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ళకూ ఇంతే. చూరు నేలకు బాగా దగ్గరగా దిగాలని మీరు గట్టిగా చెప్పకపోతే యంత్రం కప్పును పైకెత్తి గోడంతా చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. తుపాను గాలికి ఆ కప్పు లేచిపోతుంది.

మళ్ళీ మండువాకు వద్దాం. మా విద్యార్థిని ఒకమ్మాయి అలా తీయించిన బొమ్మలో లోపలి మూలను, అంటే రెండు వాలులు వచ్చి కలిసేచోటును, పెద్దది చేసి ప్రింట్ తీసింది. దాని మీద ట్రేసింగ్ షీట్ పరిచి, వాన చుక్క కప్పు కొసనుంచి తూము దాకా ఎలా పోతుందో పెన్సిల్‌తో గీసుకుంటూ వెళ్ళింది. మూల దగ్గర చుక్క పైకెక్కాల్సి వచ్చింది. (నవ్వులు) పెంకుల వరసలు బట్ట పరిచినట్టు మూలమీదుగా మలుపు తిరిగి ఉన్నాయి, నీళ్ళు దిగే గాడి లేదు. నిజం ఇంట్లో అదే అన్నిటికన్నా ప్రమాదమైన చోటు. రెండు కప్పుల నీళ్ళు అక్కడికే చేరతాయి, కారేది అక్కడే, దూలం పుచ్చేదీ అక్కడే. ఆ అమ్మాయి ఏం చేసిందంటే, ఆ ఒక్క మూల కప్పును పూర్తిగా తీసేసింది. రెండు పక్కల కప్పులూ అక్కడికి వచ్చి విడివిడిగా ఆగిపోతాయి, మధ్యలోంచి సాయంత్రం గాలి మండువాలోకి వస్తుంది. ఈ ఆలోచన బొమ్మలో లేదు. బొమ్మ సరిగ్గా కుదిరి ఉంటే వచ్చేదీ కాదు. ఏఐతో నాకు కనిపించే లాభం చాలావరకు ఈ రకంగానే ఉంది. అది ఇచ్చిన దాన్ని ఒప్పుకోవడంలో కన్నా, పెన్సిల్ పట్టుకుని దానితో పేచీ పెట్టుకోవడంలో.

బొమ్మ ముందు, లెక్క తర్వాత రావడం ఏఐతో మొదలైన జబ్బేమీ కాదు. సిడ్నీ ఒపేరా హౌస్ పోటీలో 1957లో ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జాన్ గెలిచినప్పుడు ఆ పైకప్పులకు జ్యామితి లేదు, గీతలున్నాయి అంతే. ఇంజనీర్లు ఏళ్ళ తరబడి రకరకాల వంపులు పట్టి చూశారు. కప్పులన్నిటినీ ఒకే గోళంలోంచి కోసిన ముక్కలుగా చేయవచ్చన్న దారి 1961లో గాని దొరకలేదు. అది దొరికాకే, వంపు అంతటా ఒకటే కాబట్టి, అవే అచ్చులు మళ్ళీ మళ్ళీ వాడి ముక్కలు పోత పోయగలిగారు. 70 లక్షల డాలర్లు అనుకున్న ఖర్చు 10 కోట్ల 20 లక్షలైంది. 1973లో తెరిచారు. గొప్ప కట్టడమే, కాదనను. రెండొందల గజాల ఆసామికి ఆ ఓపిక ఉండదు.

దీనికి ఎదురు పద్ధతి స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడీది. బార్సిలోనా దగ్గర కొలోనియా గుయెల్ చర్చి కోసం ఆయన పైకప్పు నుంచి దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుళ్ళ సంచులు కట్టాడు. 1:10 స్కేలులో నమూనా. దారాల వంపును బరువే తేలుస్తుంది, మన ఇష్టానిష్టాలు అక్కడ చెల్లవు. దాన్ని తిరగేస్తే, లాగుడు బదులు నొక్కుడు భరించే కమానులు వస్తాయి. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. ఆ తర్వాత చేసిన పని నాకు మరీ ఇష్టం. ఆ నమూనాను ఫొటోలు తీయించాడు, ఫొటోను తలకిందులుగా పట్టుకున్నాడు, ఆ ఫొటో మీదే రంగులు వేసి చర్చి ఎలా ఉంటుందో చూసుకున్నాడు. ముందు బరువుకు లొంగిన నమూనా, దాని మీద ఊహ.

ఈ పద్ధతి ఇప్పుడు మన టేబుల్ మీద చేయొచ్చు. స్టేబుల్ డిఫ్యూజన్‌కు 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ అనే జోడింపు దీనికోసమే ఉన్నట్టుంది. స్కెచప్, బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మీ స్థలానికి, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లకు, మీ స్తంభాల వరసకు సరిపడా ఉత్త డబ్బాలు పెట్టండి. కిటికీలు కూడా వద్దు. దానినుంచి డెప్త్ మ్యాప్ తీయండి. దగ్గరివి తెల్లగా, దూరానివి నల్లగా కనిపించే బొమ్మ అది. దాన్ని కంట్రోల్‌నెట్‌కు ఇచ్చి, కడప నాపరాయి, తాండూరు రాయి, ఎర్ర ఇటుక, వెదురు తడికె అంటూ మీకు కావలసినవి అడగండి. డబ్బాలు కదలవు, చర్మం మారుతుంది. పట్టు ఎంత బిగించాలో మీ చేతిలో ఉంటుంది. బాగా బిగిస్తే మీరు గీసిందే రంగు పూసి ఇస్తుంది. వదిలేస్తే మళ్ళీ కొండా పచ్చికా తెస్తుంది. మధ్యలో ఎక్కడో కొంచెం వదులుగా ఉంచినప్పుడే పనికొచ్చే వింతలు వస్తాయి. ఆ చోటు ఒక్కో పనికీ ఒక్కోలా ఉంటుంది, వెతుక్కోవాలి.

అన్నీ పనికిరావు. జాహా హదీద్ ఆర్కిటెక్ట్స్ సంస్థ పెద్ద పాట్రిక్ షూమాకర్ 2023లో మాట్లాడుతూ, తాము తీయించే ఏఐ బొమ్మల్లో 10 నుంచి 15 శాతం మాత్రమే త్రీడీ మోడల్ దాకా తీసుకెళ్తామని చెప్పాడు. వంపులతోనే పేరు తెచ్చుకున్న ఆఫీసు పరిస్థితి అది. మనం వందలో ఐదు ఉంచుకున్నా దండిగా ఉంచుకున్నట్టే.

ఇక ముందు వరసల వారితో మాట్లాడతాను. మీ దగ్గర ఈ యంత్రం చేసే అల్లరి ఇంకా పెద్దది, ఎందుకంటే మీ పనిలో లెక్క కొట్టొచ్చినట్టు ఉంటుంది. విష్ణువు చతుర్వింశతి మూర్తులు తీసుకోండి. ఆచమనంలో చదివే కేశవనామాలు ఇరవైనాలుగూ అవే. నాలుగు చేతులు, నాలుగు వస్తువులు: శంఖం, చక్రం, గద, పద్మం. ఏది ఏ చేతిలో అన్న క్రమం మారితే మూర్తి మారిపోతుంది. నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో అమర్చే విధాలు సరిగ్గా 24, లెక్క వేసి చూసుకోండి. కేశవుణ్ణి అడిగితే యంత్రం ఒకసారి చక్రం కుడిచేతికి, ఒకసారి ఎడమచేతికి ఇస్తుంది. బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది కూడా. రెండు చేతులకీ పద్మాలిచ్చిన రోజులున్నాయి. దానికి అది అలంకారం. మీకు అది వేరే దేవుడు, వేరే సంకల్పం. పైగా కర్తరీముఖ హస్తంలో రెండు వేళ్ళ మీద నిలవాల్సిన చక్రాన్ని అది పిడికిట్లో బిగించి పట్టిస్తుంది.

కొలత సంగతీ అంతే. నవతాళ విగ్రహానికి ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. మొత్తం 108. ఇది టేపు మీద అంగుళం కాదు, ఆ విగ్రహంలోంచే పుట్టే అంగుళం. దశతాళంలో ఉత్తమం 124, మధ్యమం 120, అధమం 116. విష్ణువుకు, శివుడికి ఉత్తమం, అమ్మవార్లకు మధ్యమం. పిల్లలకు ఒక పని చెప్తాను. ఏఐ ఇచ్చిన లక్ష్మీదేవి బొమ్మ ప్రింట్ తీయండి, కంపాసును ముఖం పొడవుకు విప్పి, పైనుంచి పాదాల దాకా కొలుచుకుంటూ దిగండి. ఒక్కో బొమ్మకు ఒక్కో లెక్క. కాళ్ళు మరీ సాగదీసి ఉంటాయి, ఫ్యాషన్ పత్రికల్లో అమ్మాయిల కాళ్ళలాగా. యంత్రం చూసిన ఫొటోల్లో అవే ఎక్కువ మరి.

నేను శీర్షికలో వీపు అన్నది ఇందుకు. ఉత్సవమూర్తిని ఊరేగిస్తారు. వెనక నడిచే జనం స్వామి వీపునే చూస్తారు. మంచి లోహశిల్పి అక్కడ హారాల ముడులు, వేలాడే కుచ్చులు, తల వెనక శిరశ్చక్రం అన్నీ, లోహం పోయకముందు చేసే మైనపు నమూనాలోనే తీరుస్తాడు. బొమ్మకు అటువైపు లేనే లేదు. ఒక్క ఫొటోనుంచి త్రీడీ రూపం తీసే సాధనాలు వచ్చాయి, ట్రిపోఎస్ఆర్ లాంటివి 2024 నుంచి ఉన్నాయి. అవి వీపును ఊహిస్తాయి. ఎక్కువసార్లు ముందువైపు నగల్నే మసకమసకగా వెనక్కి చుట్టేస్తాయి. త్రీడీ ప్రింట్ తీసి మైనపు అచ్చుకు సిద్ధమయ్యేవాళ్ళు ముందు దాన్ని తిప్పి చూసుకోండి.

ఇంకొకటి, పదార్థం. యంత్రం దృష్టిలో రాయి ఒక రంగు. కంచూ ఒక రంగే. కంచులో చెయ్యి దూరంగా చాపొచ్చు. రాతిలో అలా చాపితే విరిగేచోటు మీరే చూపిస్తారు. ఆళ్ళగడ్డలోనో దుర్గిలోనో చిన్నప్పటినుంచి ఉలి పట్టినవారికి నేను చెప్పేదేముంది. పిల్లల కోసం చెప్తున్నాను: బొమ్మ ప్రింట్ చుట్టూ ఒక చతురస్రపు దిమ్మ గీయండి, పక్కనుంచి కనిపించే దిమ్మ కూడా గీయండి. ఎంత రాయి కొట్టి పారేయాల్సి వస్తుందో, ఎక్కడ ఆసరా వదలాలో అప్పుడు తెలుస్తుంది. రామప్ప గుడి చూరు కింద మదనికల్ని, అంటే నల్లరాతి స్త్రీమూర్తుల్ని, చూడండి. అంత వొంపులు తిరిగిన మనిషి, అయినా రాయి ఎక్కడ పట్టి ఉంచిందో దగ్గరికెళ్తే కనబడుతుంది. 1213లో ఆ గుడి కట్టినవాళ్ళకు అందం వేరు, ఆసరా వేరు అన్న విభజన లేదు.

పెద్ద విగ్రహాలకు ఇది మరీ ముఖ్యం. గుజరాత్‌లో పటేల్ విగ్రహం 182 మీటర్లు. మనిషి నడుస్తున్నట్టు ఉండటంవల్ల రెండు పాదాల మధ్య ఖాళీ వచ్చింది, కింద చీలమండల దగ్గర సన్నబడింది. గాలికి ఊగకుండా లోపల ఊపును అణిచే బరువులు, డ్యాంపర్లంటారు, 250 టన్నులవి రెండు పెట్టాల్సి వచ్చింది. పంచెకట్టు మనిషి నడక, అంతే కదా అనుకుంటాం. అదే మన కూడలిలో ముప్పై అడుగుల బొమ్మకైనా, ఎవరైనా బొటనవేలి మీద నిలబెట్టమంటే, ముందు ఆ వేలు గుండా ఏ సైజు పైపు పోతుందో అడగండి.

మరి శిల్పికి ఏఐ దేనికి? నేను చూసినంతలో, చేతులు తీర్చడానికి అసలు వాడొద్దు. మీరు చేసిన చిన్న మట్టి నమూనాను నాలుగు పక్కలా ఫొటో తీసి, అది కూడలిలో మధ్యాహ్నం ఎండకు ఎలా ఉంటుంది, సాయంత్రం వీధి దీపం కింద ఎలా ఉంటుంది, నల్లరాతిలో అయితే ఎలా, కంచులో అయితే ఎలా అని అడగండి. దానికి ఫొటోల వెలుగు బాగా తెలుసు. ప్రభావళికి పది రకాల తీగలు, మకరాలు అడగండి, అందులోంచి ఒక మలుపు పట్టుకోండి. పీఠం ఎత్తు మార్చి మార్చి చూడండి. నమూనా మీ చేతిదై ఉన్నంతకాలం ఏఐ మీకు చాకిరీ చేస్తుంది.

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మా తాతలు చెక్కినవాటి ఫొటోలు చూసే కదండీ అది నేర్చుకుంది. మరి దాని బొమ్మ హక్కు ఎవరిది?)

న్యాయమైన ప్రశ్నే. మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ పుట్టించిన రచనకు, దాన్ని పుట్టించడానికి కారణమైన వ్యక్తే కర్త అని రాసి ఉంది. కానీ ఆ మాట 1994లో చేర్చింది, ఈ యంత్రాలు పుట్టకముందు. అమెరికాలో 2023లో ఒక చిత్రకథ విషయంలో అక్కడి కాపీరైట్ ఆఫీసు, కథకు హక్కు ఇచ్చి, ఏఐ తీసిన బొమ్మలకు ఇవ్వలేదు. మీ తాతగారి సంగతి రెండుచోట్లా ఎవరూ ఎత్తలేదు, అది నాకూ బాధే. చేయగలిగింది చెప్తాను. మీ ఇంటి నమూనాలు, తాళపత్రాల కొలతలు ఉచితంగా వాడుకోమనే సైట్లలో ఎక్కించకండి, షరతులు చదవకుండా అసలే వద్దు. స్టేబుల్ డిఫ్యూజన్ మన సొంత కంప్యూటర్‌లో నడుస్తుంది, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. మీ ఫొటోలు కొన్ని ఇచ్చి, మీ శైలి దానికి మీ ఇంట్లోనే నేర్పుకోవచ్చు. అది మీ గడప దాటదు.

(ప్రశ్న: సార్, పోర్ట్‌ఫోలియోలో ఏఐ బొమ్మలు పెట్టొచ్చా?)

పెట్టమ్మా. ఏఐ అని కింద రాయి. పక్క పేజీలో దాని సెక్షన్ పెట్టు, అదే స్కేలులో. స్లాబు మందం, బీము లోతు, నీళ్ళు పోయే దారి కనబడాలి. సెక్షన్ లేకపోతే ఆ బొమ్మ తీసెయ్యి, ఎంత బాగున్నా సరే. నీకు ఉద్యోగం ఇచ్చే మనిషి మొదట తిప్పి చూసేది ఆ పక్క పేజీనే.

భోజనాల తర్వాత పక్క హాల్లో మట్టి, తీగ, ట్రేసింగ్ షీట్లు పెట్టించాం. మీ ఫోన్లో బాగా నచ్చిన బొమ్మ ఒకటి ప్రింట్ తీయించుకుని రండి. ప్రింటర్ కింద ఆఫీసు గదిలో ఉంది. స్థపతులు ఒక్కో బల్ల దగ్గర ఒక్కరు కూర్చుంటారు.